త్రినాథరావు ఎర్రగా ఉమ్మిన సంగతి

త్రినాథరావుకి కరోనా వచ్చింది, ఆస్పత్రిలో పడ్డాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించారు. అన్నీ ఓర్చుకున్నాడు గానీ నాలుక మీద రుచి పోవడమొక్కటే అతనికి మింగుడు పడలేదు. ఇడ్లీ, సాంబారు, ఆఖరికి ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ కూడా నోట్లో తడిసిన అట్టముక్కలా ఉండేవి.

పొద్దునా సాయంత్రం పొట్టలో సూది. ఎందుకో డాక్టరు జ్యోతిర్మయి ముందే చెప్పింది. ఈ జబ్బులో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకే రక్తం పలచబడే మందు. కానీ ఆ మందుతో ఎక్కడైనా రక్తం కారొచ్చు. ఎర్రగా ఏం కనిపించినా దాచొద్దంది. స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసే మనిషికి ఇదంతా ఇట్టే అర్థమైపోయింది.

"కాలవలో ఇనుము సల్లారి గడ్డ కడితే మా ఫర్నేసే ఆగిపోద్ది. ఇదీ అలాటిదే గదా డాక్టరమ్మా? పొడిసీండి" అని చొక్కా పైకెత్తేశాడు.

అంతా బాగానే ఉంది గానీ, రుచి తిరిగొచ్చిందో లేదో తేల్చుకోవాలన్న పురుగు అతని బుర్రలో దూరింది. బావమరిది అర్జునరావుకి రహస్యంగా ఫోన్ చేశాడు.

"ఒరే, కూర్మన్నపాలెం జంక్షన్లో ఒక కిళ్ళీ కట్టించి పంపీరా."

"బావా, అక్కకి తెలిస్తే నన్ను సంపెత్తాది. అప్పన్న కొండ మీద ఒట్టేసి మానేసినావు గదా!"

"సరదాకి కాదురా. ఆ కిళ్ళీ నాలిక మీద తెలిస్తే నాను బతికినట్టే."

బతుకు మాట ఎత్తేసరికి అర్జునరావు కరిగిపోయాడు. ఉతికిన లుంగీ మడతల్లో కిళ్ళీ పెట్టి గేటు దగ్గర ఇచ్చేశాడు.

త్రినాథరావు గోడవైపు తిరిగి నమలడం మొదలుపెట్టాడు. ముందు అట్టముక్కే. పట్టు వదలకుండా నమిలాడు. ఉన్నట్టుండి సున్నం చురుక్కుమంది, వెనకాలే సోంపు తీపి మెల్లగా వచ్చింది. ఆ ఆనందంలో ఫక్కున నవ్వాడు, పొలమారింది, దగ్గాడు. తెల్లటి దుప్పటంతా ఎర్రబడింది.

నర్సు దేవి చూసి కెవ్వుమంది. జ్యోతిర్మయి పరుగెత్తుకొచ్చింది. త్రినాథరావు దొరికిపోతానని కిళ్ళీ మొత్తం గుటుక్కున మింగేసి, అమాయకంగా కళ్ళు మూసుకున్నాడు.

"ఇంజెక్షన్ ఆపెయ్యండి! ఊపిరితిత్తుల్లోంచో, కడుపులోంచో రక్తం వస్తోంది. ఆపితే గడ్డకట్టే భయం, ఇస్తే ఇంకా కారే భయం. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలి. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చెయ్యండి" అంది జ్యోతిర్మయి.

వీడియోలో పెళ్ళాం గౌరీశ్వరి మొహం కనిపించింది. దుప్పటి చూడగానే "ఓలమ్మో! నానేటైపోవాలి!" అని గుండెలు బాదుకుంది.

త్రినాథరావుకి నిజంగానే భయం వేసింది. నోరు మూసుకుంటే సూది ఆగిపోతుంది, ఒంట్లో ఎక్కడ గడ్డకడుతుందో తెలీదు. నోరు తెరిస్తే పెళ్ళాం వింటుంది. రెండింటిలో పెళ్ళామే ఎక్కువ ప్రమాదమని కాసేపు అనిపించింది కూడా. ఇంతలో గొట్టం రానే వచ్చింది. దాని పొడవు చూసి లేచి కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, అది రక్తం కాదు. కిళ్ళీ."

ఎవరూ నమ్మలేదు. జ్యోతిర్మయి టార్చి వేసి నోరంతా వెతికింది. పంటి సందులోంచి సోంపు గింజ ఒకటి ఆమె గ్లవ్ మీదికి వచ్చింది. ముందు కోప్పడదామనుకుంది గానీ నవ్వు ఆగక కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేసింది.

ఫోన్లో గౌరీశ్వరి అంతా వింది. తిట్లకి సిద్ధపడి త్రినాథరావు తలొంచుకున్నాడు.

"ఒట్టు తప్పి తిన్నావా?" అంది గౌరీశ్వరి.

"తిన్నానే."

"రుసి తెలిసిందేటి?"

"తెలిసిందే గౌరీ. సున్నం, సోంపు, అన్నీ తెలిసినాయి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమని ఏడ్చేసింది. అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు. తర్వాత ముక్కు చీదుకుని గొంతు సవరించుకుంది.

"డాక్టరమ్మా, సూది ఆపకండి. ఈసారి కాస్త నొప్పెట్టేలాగ పొడిసీండి."

త్రినాథరావు మళ్ళీ చొక్కా పైకెత్తాడు.