బావిలో కంప

తెల్లవారకముందే రెండు ఆవుల పాలు పిండి, సంగటి గెలికి, అత్తకు వేడినీళ్ళు పెట్టి తోట బావికి బయలుదేరాను. వచ్చే నెల ట్రయథ్లాన్ పోటీ. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాలి. పరుగుకూ సైకిలుకూ బెళుగుప్ప రోడ్డు ఉంది. ఈతకు మాత్రం చుట్టుపక్కల మా బావిలోనే నీళ్ళున్నాయి. ఈ గోడ నుంచి ఆ గోడకు వంద సార్లు ఈదితే పోటీలో అడిగే దూరం వస్తుంది. నిన్న ఆగకుండా తొంభై రెండు సార్లు ఈదాను.

మెట్లు దిగబోతే నీళ్ళ నిండా కంప. ఎవరూ దూకకుండా బావిలో ముళ్ళకంప వేయడం మా వైపు అందరూ చేసేదే. కానీ మా బావిలో దూకేది నేనొక్కదాన్నే.

మొదట అత్త తిమ్మమ్మనే అనుమానించాను. "ఇద్దరు బిడ్డల తల్లి బావిలో ఈదేది యాడన్నా ఉండాదా?" అని నెల నుంచి ఆమెది అదే పాట. "నువ్వు పోమ్మే, మాయమ్మకు నేను చెప్తాలే" అనేవాడు మా ఆయన జయరాం. మూడేళ్ళ కిందట మునిగిపోకుండా నడుముకు బెండు కట్టి ఈ బావిలోనే నాకు ఈత నేర్పింది ఆయనే. పోటీ రోజు తువ్వాలు పట్టుకుని ఒడ్డునే నిలబడతానని మాటిచ్చాడు. రోజూ "ఈపొద్దు ఎన్నిసార్లయింది?" అని అడిగేవాడు. నేను సంబరంగా చెప్పేదాన్ని, పిచ్చిదాన్ని.

దోటితో ఒక మోపు పైకి లాగాను. అది నా సైకిలు చక్రం పాత ట్యూబుతో కట్టి ఉంది. పోయిన వారం మార్చినప్పుడు "పారేయాకు, పనికొస్తాది" అని ఆయనే చుట్టి దాచుకున్నాడు. ముడి కూడా ఆయనదే. నా నడుముకు బెండు కట్టింది ఆ ముడితోనే.

మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ముఖానే వద్దని చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. అత్త మాటలు పడ్డాను, ఊరు నవ్వితే పడ్డాను, ఆయన నా వైపున్నాడనే కదా అన్నీ పడ్డాను. రోజూ ఎన్నని అడిగింది వందకు ఎంత దగ్గరికొచ్చానో తెలుసుకోవడానికా?

తొమ్మిది మోపులు. అన్నీ బయట పడేసేసరికి చేతులు గీసుకుపోయాయి. నీళ్ళు తగిలితే భగ్గుమన్నాయి. అయినా ఈదాను.

ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. కంచం ముందేసుకుని కూర్చున్న జయరాం తలెత్తి, "ఇంతసేపేమి? ఎన్నిసార్లయింది?" అన్నాడు.

"వంద." ట్యూబు ఆయన కంచంలో పెట్టాను.

దాన్ని తీసి పక్కన పెట్టాడు. "టీ కొట్టు కాడ అందరూ నవ్వుతాండారు. నేనేం చేసేది?" అన్నాడు.

"పోటీకాడికి నువ్వు రావాకు. తువ్వాలు నేనే తీసకపోతా. నేనొచ్చేదాకా పాలు పిండు, మీయమ్మకు నీళ్ళు కాంచు. ముడి గట్టిగా ఏస్తావు కదా, ఆవుల్ని కూడా నువ్వే కట్టెయ్."