ఐదో నెల ఐసు

విశాఖపట్నంలో ఐసు అమ్మి బాగుపడ్డవాళ్లు ఉన్నారు, ఐసులాగే కరిగిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్క నెలలో ఎంత ఐసు అమ్మాడో లెక్కపెట్టలేక కంప్యూటరే చేతులెత్తేసిన మొనగాడు మాత్రం నీలకంఠం ఒక్కడే. ఎనభై మూడో సంవత్సరం, నవంబరు నెల. పోటీలో ఉన్న మూడు కంపెనీలకూ ఆ నెల ఒక్క ఐసు దిమ్మ కూడా అమ్ముడుపోలేదు. ఇది గాలి కబురు కాదు, అచ్చులో ఉంది. ఆ కాయితం కళ్లారా చూసినవాళ్లు ఇంకా నిక్షేపంలా బతికే ఉన్నారు.

ఇందులో చిన్న మెలిక ఒకటి ఉంది. నీలకంఠం కంపెనీకి ఫ్యాక్టరీ లేదు, యంత్రం లేదు, గుక్కెడు నీళ్లు కూడా లేవు. అది యూనివర్సిటీలో, వ్యాపార నిర్వహణ చదివే పిల్లల తరగతిగదిలో, మూడో బల్ల మీద ఉండేది.

అక్కడి గురునాథరావు మాస్టారు, గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడం ఎంతో పుస్తకం చూపించి వ్యాపారం నేర్పడం అంతే అని నమ్మే మనిషి. ఆ ఏడు పిల్లలకు ఒక ఆట పెట్టారు. తరగతిని నాలుగు జట్లు చేసి, జట్టుకొక ఉత్తుత్తి ఐసు కంపెనీ ఇచ్చారు. ఫిషింగ్ హార్బరు పడవలకు ఐసు అమ్మాలి. ప్రతి శనివారం జట్టు నాయకుడు ఒక కాయితం నింపాలి: ఎన్ని దిమ్మలు చేస్తారు, ధర ఎంత పెడతారు, ప్రచారానికి ఎంత పోస్తారు. ఆ అంకెల్ని అట్టముక్కల మీద చిల్లులుగా పొడిపించి కంప్యూటరుకు మేపితే, సోమవారానికి దుప్పటంత కాయితం కక్కేది. ఎవరెంత అమ్మారో అందులో ఉండేది. మన వారం ఆటలో నెల. మొదటి నెల జూలై అనుకోమన్నారు మాస్టారు. ఐదు నెలలతో ఆట సరి.

తక్కిన పిల్లలకు అది మార్కుల సంగతి. నీలకంఠానికి మెడ మీద కత్తి. అతనిది పెందుర్తి అవతల పల్లె. కంచరపాలెంలో అక్క గౌరీశ్వరి ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. బావ పైడయ్య పోర్టులో క్రేను నడుపుతాడు. ఆ బావ, ఓడల సరుకు దించే ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి, బావమరిదికి గుమాస్తా పని ఖాయం చేసేశాడు. నెలాఖరులోగా చేరాలి. చదువు ఇంకో ఏడాది ఉంది, అది పూర్తిచేస్తానని నీలకంఠం మొండికేశాడు. అక్కడ మేం కంపెనీయే నడుపుతున్నాం అని నోరు జారాడు కూడా. పైడయ్య అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగాడు.

"కంపినీయా. సరే బావా. ఆ ఉత్తుత్తి దాంట్లో నెగ్గుకొచ్చీ సూద్దుం. నెగ్గితే సదువుకో, నాను అడ్డు రాను. ఓడిపోతే సోమారం పొద్దున్నే నాతో పోర్టుకి రావాల. మాటేనా?"

నీలకంఠం మాటేనన్నాడు. పల్లెలో తండ్రిని అడిగితే, బావ చెప్పినట్టు నడుచుకోమన్నాడు.

ఆటలో నాలుగు నెలలు తిరిగేసరికి నాలుగు కంపెనీల్లో నీలకంఠానిది నాలుగోది. పుస్తకంలో ప్రచారం గురించి గొప్పగా రాశారని డబ్బంతా ప్రచారానికి తగలేశాడు. పడవలవాళ్లు ప్రకటన చదివి ఐసు కొంటారా అన్న అనుమానం రాలేదు. జట్టులో మిగిలిన ముగ్గురూ ఆశ వదులుకుని, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టడం మొదలెట్టారు.

ఐదో కాయితం ఇవ్వాల్సిన శనివారం పొద్దున్నే, అసలు ఐసు ఎలా అమ్ముతారో చూద్దామని ఫిషింగ్ హార్బరుకు పోయాడు. సందడిగా ఉండాల్సిన చోటు పెళ్లి తరలిపోయిన ఇల్లులా ఉంది. పడవలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. ఐసు ఫ్యాక్టరీ తలుపు మూసి ఉంది. గట్టు మీద చిలకమ్మ అనే ముసలామె ఎండుచేపలు గబగబా తట్టలోకి ఎత్తుకుంటోంది. నలభై ఏళ్లుగా అక్కడ చేపలు వేలం పాడే మనిషి. పడవలు ఎందుకు పోలేదని అడిగాడు.

"పోర్టోళ్లు స్తంబం మీద తుపాను గుర్తు ఎత్తినారు, కనపడ్నేదా? ఈ నెలంతా ఇదే వరస. ఇయ్యాల ఎత్తుతారు, రేపు దించుతారు, ఎల్లుండి మళ్లీ ఎత్తుతారు. గుర్తు ఎగిరితే ఐసుని కుక్క కూడా నాకదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, నీకెందుకయ్యా ఐసు సంగతి అంది. నాకూ ఒక ఐసు కంపెనీ ఉందన్నాడు. ఎక్కడ అని అడిగింది. కాయితం మీదన్నాడు.

"మంచిదే నాయనా. కాయితం మీదైతే కరగదు."

నీలకంఠం అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆటలో మొదటి నెల జూలై. అంటే ఐదో నెల నవంబరు. నవంబరులో పడవలు కదలవు. కదలని పడవకు ఐసెందుకు? తిన్నగా యూనివర్సిటీకి పోయి, 'చేసే దిమ్మలు' అన్నచోట గుండ్రంగా సున్నా చుట్టి ఇచ్చేశాడు. తక్కిన మూడు కంపెనీలూ తలా పన్నెండు వేల దిమ్మలు రాశాయి.

కంప్యూటరుకు సముద్రం తెలియదు. దానికి తెలిసింది ఒకటే: మొత్తం ఖర్చును దిమ్మలతో భాగించి, ఎవరి దిమ్మ చవకో తేల్చి, కొనేవాళ్లను అటు తోలడం. సున్నాతో భాగించాల్సి వచ్చేసరికి దానికి మతి పోయి, ఆ లేని దిమ్మే అన్నిటికన్నా చవకని తేల్చి కొనేవాళ్లందర్నీ అటే తోలింది. సోమవారం వచ్చిన కాయితంలో మూడు కంపెనీల అమ్మకం సున్నా. నీలకంఠం అమ్మకం ఉండాల్సిన చోట అంకె లేదు, ఈ కొస నుంచి ఆ కొసకు నక్షత్రాలు. అంకె గడిలో పట్టకపోతే యంత్రం అలా చుక్కలు పెడుతుందట. ఒక్క దిమ్మ చెయ్యనివాడు లెక్కకు అందనంత ఐసు అమ్మాడు. మొదట చెప్పిన గొప్ప ఇదే. ఎంత గొప్పో ఇప్పుడు మీకే తెలిసింది.

జట్టువాళ్లు నీలకంఠాన్ని భుజాల మీదికి ఎత్తబోయారు. గురునాథరావు మాస్టారు ఆగమని, సున్నా ఎందుకు వేశావయ్యా అని అడిగారు. నీలకంఠం హార్బరు సంగతి చెప్పాడు.

"నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ ఈ ఆటలో తుఫాను లేదు."

"లేదని మీరు ముందు చెప్పలేదండి."

"ఉందనీ చెప్పలేదు కదయ్యా."

మాస్టారు న్యాయంగల మనిషి. సున్నా తీసి ఒకటి వేయించి, అట్టముక్కల్ని మళ్లీ యంత్రానికి మేపారు. ఈసారి నక్షత్రాలు రాలిపోయాయి. మూడు కంపెనీలూ తమ ఐసంతా అమ్ముకున్నాయి. నీలకంఠం ఒక దిమ్మ అమ్మి ఆఖరున నిలిచాడు.

సాయంత్రం కంచరపాలెంలో, గేటు పడి రైలు పోయేదాకా వీధి మొగలో నిలబడి, ఇక ఇంటికి పోక తప్పదని పోయాడు. బావ స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని ఉన్నాడు. ఓడిపోయాను, వచ్చే సోమవారం నీతో వస్తానని చెప్పేశాడు. గౌరీశ్వరి కంచం పెట్టింది. పైడయ్య, ఓడిపోయినోడికి అన్నం తొందరేటి, ఎలా ఓడిపోయాడో చెప్పనీ అన్నాడు. నీలకంఠం పూసగుచ్చినట్టు చెప్పాడు. నక్షత్రాల దగ్గర బావ నవ్వలేదు. పన్నెండు వేల దిమ్మల దగ్గర నవ్వాడు.

"నవంబర్లోనా? గుర్తు ఎగిరినాక నా క్రేనే ఆపెత్తారు. ఆ ఐసు ఎవుడు కొన్నాడు బావా?"

"కంప్యూటరు కొంది."

పైడయ్య చాలాసేపు నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పోర్టులో పని ఆపాలంటే పైనోడు గుర్తు ఎత్తాల. గుమాస్తా గాడు తనకి తానే సున్నా సుట్టేసి కూకుంటే కాంట్రాక్టరు తన్ని తగలేత్తాడు. నువ్వు ఆ పన్లోకి పనికిరావు. నెగ్గినావో ఓడినావో మీ యంత్రం సెప్పక్కర్నేదు, మాటన్నది నాను, తేల్సాల్సిందీ నానే. సదువుకో."

గౌరీశ్వరి అప్పుడు అన్నం వడ్డించింది. గౌరీశ్వరి అప్పుడు అన్నం వడ్డించింది.

ఇందులో కల్పించింది ఒకే ఒకటి. నక్షత్రాలు నిజం, సున్నా నిజం, పైడయ్య నవ్వు నిజం. చిలకమ్మ మాత్రం ఆ పొద్దున అంత మాట్లాడలేదు. "అడ్డు లెగు బాబూ, వానొత్తాది" అంది, అంతే. మిగిలిందంతా కట్టేసిన పడవల్నీ మూసిన తలుపునీ చూసి నీలకంఠం తనకు తానే తెలుసుకున్నాడు. కానీ చిలకమ్మ లాంటి మనిషిని తెచ్చి కథలో పెట్టి నోరు మెదపనివ్వకపోతే, చదివేవాళ్లు ఊరుకున్నా ఫిషింగ్ హార్బరు ఊరుకోదు.