పన్నెండో గుప్పెడు

ఆ ఫోను పక్కన పెట్టి, ఇలా నా మోకాలికి ఆనుకుని కూర్చో తల్లీ. అరిచి చెప్పే సంగతి కాదిది. అలాగని కడుపులో దాచుకునేదీ కాదు.

జగ్గయ్యపేటలో జ్ఞానప్రసూనాంబ అని ఒకావిడ ఉంది. అంత పొడుగు పేరు ముచ్చటపడి పెట్టుకున్న తండ్రి, అది వాడకుండానే మూలపడిపోతుందని అనుకుని ఉండడు. పందొమ్మిదో ఏట మెట్టినింటికి వచ్చింది మొదలు ఆ పేరు రేషను కార్డులోనూ గ్యాసు పుస్తకంలోనూ తప్ప ఇంకెక్కడా వినపడలేదు. మొగుడు రాధాకృష్ణమూర్తికి ఆవిడ "ఇదుగో". మామగారికి "అమ్మాయ్". అత్త పున్నమ్మకి "ఏమే". ఎక్కడో గదిలో "ఇదుగో" అన్న కేక వినపడితే చేతిలో పని వదిలేసి పరిగెత్తడం నలభై ఏళ్ళుగా అలవాటైపోయి, టీవీలో ఎవరో "ఇదుగో" అన్నా ఉలిక్కిపడి లేచేది.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ బియ్యం ఏరుతోంది. రెండు వందల మందికి పులిహోర. వంటవాడు రానన్నాడు. "వాడు రాకపోతే ఏం, నువ్వున్నావుగా" అన్నాడు మూర్తి, చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. "మీటింగులో నీకేం పని లేదు. పన్నెండింటికల్లా పులిహోర అందితే చాలు. కిందటిసారి కరివేపాకు మాడ్చావు, నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది."

మీటింగు వాళ్ళ ఫంక్షను హాల్లోనే. ఒకప్పుడది వాళ్ళ పత్తి గోడౌను. రేకులు తీసేసి స్లాబు వేసి, పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు గానీ తలుపులు మాత్రం పాతవే. ఎత్తైన టేకు తలుపులు, లోపలివైపు చెయ్యి మందాన ఇనప గడియ. "మా తాతయ్య చేయించిన తలుపులు, వీటిని మార్చే ప్రసక్తే లేదు" అని మూర్తి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఆ తాతయ్య పటానికే ఆ రోజు స్టేజి మీద చేమంతుల దండ వేశారు.

మీటింగు దేనికంటే, నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షను అయిన వారంలో జరిగినదాని గురించి. నైజాం పల్లెల్లో పత్తి ఏకి పరుపులు కుట్టే పనికి వెళ్ళిన దూదేకులవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు పరిగెత్తుకొచ్చారు. రజాకార్లు చేసిన అఘాయిత్యాలకి పగ తీర్చుకుంటామని తిరుగుతున్న గుంపొకటి, వీళ్ళూ ముస్లిములేగా అని, వాళ్ళని ఊరి చివర గుర్రాలవాగు దగ్గర నరికేసింది. అది ఏ కాగితం మీదా లేదు. పాతవాళ్ళ నోళ్ళలో ఉంది, ఆ నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇన్నేళ్ళకి కమిటీ ఒకటి వేసుకుని, వాగు దగ్గర రాయి వెయ్యాలనీ, బళ్ళలో పిల్లలకి ద్వేషం మంచిది కాదని నెలకో పాఠం చెప్పించాలనీ అనుకున్నారు. తగువల్లా ఒక్క మాట దగ్గరే. రాయి మీద 'ఊచకోత' అని చెక్కాలా, 'గొడవల్లో మరణించినవారు' అని చెక్కాలా?

కమిటీకి పెద్ద మూర్తి. కానీ దాని ప్రాణమంతా నీరజ. ప్రసూనాంబకి మరిది పెళ్ళాం, నందిగామ కాలేజీలో చరిత్ర చెబుతుంది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ప్రసూనాంబకి నీరజంటే అసూయ. మామూలు అసూయ కాదు, కంట్లో నలుసులాంటిది, ఎంత తుడుచుకున్నా గరగరలాడుతూనే ఉండేది. నీరజ నగలు చూసి కాదు, ఉద్యోగం చూసీ కాదు. అందరూ ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తారు. "అమ్మా నీరజా, నువ్వు మాట్లాడితే గుడిగంట కొట్టినట్టుంటుంది" అంటాడు మూర్తి, బావగారై ఉండి. అదే నోటితో వెనక్కి తిరిగి, "ఇదుగో, నీరజకి కాఫీ" అంటాడు. ఆ కాఫీలో చక్కెర వేస్తూ ప్రసూనాంబ ఎన్నిసార్లు చెంచా గట్టిగా తిప్పిందో ఆ గ్లాసుకే తెలుసు. నీరజ మంచి పిల్ల. అదే ఇంకా మంట. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేది.

కానీ నీరజ కంటే ముందు ఆవిడ అసూయపడింది చచ్చినవాళ్ళ మీద. నవ్వకు, చెప్పేది విను.

ఏటా మహాలయ అమావాస్యకి ఆ ఇంట్లో పెద్దల పేరు మీద పురోహితుడికి స్వయంపాకం ఇస్తారు. తర్పణాలు మగవాళ్ళవి. బియ్యం కొలిచి, పప్పు, కూరలు సర్దడం ఆడవాళ్ళది. అదంతా అయ్యాక పున్నమ్మ సామాన్ల గది తలుపు దగ్గరికి వేసి, వేరే ఇత్తడి పళ్ళెం పెట్టుకుని, అందులో గుప్పెడు చొప్పున పదకొండు గుప్పెళ్ళు బియ్యం పోసేది. గుప్పెడుకో పేరు. పెద్ద మస్తాను. దస్తగిరమ్మ. ఖాసింబీ. ఒక్కో పేరూ పసిపిల్లని లేపుతున్నట్టు మెల్లగా, ఎంతో ఆపేక్షగా పలికేది. ఆ బియ్యం గుడ్డసంచిలో కట్టి, "ఏమే, ఇది నందిగామలో పరుపులు కుట్టే వాళ్ళింట్లో ఇచ్చిరా" అని పంపేది. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ప్రసూనాంబ అది ఏటా వినేది. వినీ వినీ పదకొండూ నోటికి వచ్చేశాయి. ఎవరో ఏమో, ఎప్పుడో పోయినవాళ్ళు, వాళ్ళని ఇంత ముద్దుగా పిలిచే మనిషి, ఒళ్ళు నొప్పులకి కాళ్ళు పట్టే కోడలిని ఒక్కసారి పేరు పెట్టి పిలవదే అని ఆవిడ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. చచ్చిపోతే గానీ ఈ ఇంట్లో ఆడదానికి పేరు రాదేమో అనుకునేది.

ఓ ఏడాది పున్నమ్మకి జ్వరం వచ్చి, బియ్యం పొయ్యడం ప్రసూనాంబ చేతికొచ్చింది. అత్త మంచం మీంచి చూస్తోంది. పదకొండు గుప్పెళ్ళూ పేర్లతో సహా పోసింది. చెయ్యి ఆగలేదు. పన్నెండో గుప్పెడు తీసి, "జ్ఞానప్రసూనాంబ" అంటూ పోసింది.

బతికున్న మనిషి తన పేరు మీద తానే అమావాస్య బియ్యం పోసుకుంది తల్లీ. ఎంత ఆకలేస్తే ఆ పని చేస్తుందో ఆలోచించు.

పున్నమ్మ గోడ పట్టుకుని లేచొచ్చింది. కూర్చుని ఆ పన్నెండో కుప్పని విడిగా తీసి, ఒక్క గింజ వదలకుండా అన్నం వండే గిన్నెలో వేసింది. "బతికున్నదాని పేరు ఇందులో పిలవకూడదు ప్రసూనా" అంది. "బయట పిలవాలి. ఎవరూ పిలవకపోతే నీ నోటితో నువ్వే చెప్పుకో. నేను చెప్పుకోలేకపోయా."

పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్కసారే. ఆ రోజే ఆ పదకొండుమంది ఎవరో, ఎలా పోయారో చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "ఇది మాత్రం మగాళ్ళ చెవిన పడనీకు" అని ఒట్టేయించుకుంది. నాలుగేళ్ళ కిందట పున్నమ్మ పోయింది. గుప్పెళ్ళు మాత్రం ఆగలేదు.

ఈ మీటింగు అనుకున్నాక నీరజ ఫైలు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, అత్తయ్య ఆ రోజుల గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా? ఒక్క పేరైనా దొరికితే చాలు." ప్రసూనాంబ గరిటె ఆపలేదు. "వంటింట్లో దాన్ని, నాకేం తెలుస్తాయమ్మా. చదువుకున్నదానివి నువ్వే కనుక్కో" అంది. అంటుంటే ఒళ్ళంతా చల్లగా హాయిగా అయింది. ఒట్టు గుర్తొచ్చి కాదు, అబద్ధమెందుకు. తన దగ్గర ఉండి నీరజ దగ్గర లేనిది ఈ భూమ్మీద అదొక్కటే.

హాలు వెనక వరండాలో పొయ్యి పెట్టారు. అక్కడినుంచి లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి. నీరజ చక్కగానే మాట్లాడింది. అప్పుడు వత్సవాయి రైతు తిరుపతిరావు లేచాడు. చెడ్డమనిషి కాదు, గొంతు పెద్దది.

"నీరజమ్మగారూ, రజాకార్లు మా అమ్మమ్మగారి ఊరు తగలబెట్టినప్పుడు ఏ కమిటీ వచ్చిందండీ? దానికి లేని రాయి దీనికెందుకు? పోనీ, ఊచకోతే అనుకుందాం. పోయిందెవరు? పేర్లు చెప్పండి. ఒక్కటి చెప్పండి. పేరే లేనివాళ్ళకి ఊచకోతేంటండీ, రేపు మా పిల్లలకి బళ్ళో ఇదే పాఠమంటే నేనొప్పుకోను."

నీరజ ఫైలు తిరగేసింది. ముందుకీ వెనక్కీ తిరగేసింది. "పేర్లు ఇంకా దొరకలేదండీ" అంది, ఎప్పుడూ లేనిది గొంతు సన్నబడి.

వరండాలో చాట ఒళ్ళో పెట్టుకున్న ప్రసూనాంబకి ఆ క్షణాన కలిగింది సంతోషం. గుడిగంట మూగబోయింది కదా అనుకుంది. మూర్తి మైకు తీసుకుని, "అయితే 'గొడవల్లో మరణించినవారు' అనే రాద్దాం, అందరూ చేతులెత్తండి" అంటున్నాడు.

అప్పుడు తలుపు పక్క వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. సిలార్‌బీ. నందిగామలో పరుపులు కుడుతుంది. ఏటా అమావాస్య బియ్యం వెళ్ళేది ఆమె ఇంటికే. వాగు దగ్గర అందరూ పోయాక, తెల్లారి ఈ గోడౌను అరుగు మీద పత్తి బస్తాల మధ్య ఒక మూడేళ్ళ పిల్లాడు దొరికితే, బండివాడెవరో నందిగామ తీసుకెళ్ళి అక్కడి దూదేకులవాళ్ళకిచ్చాడు. వాడి కూతురే సిలార్‌బీ. కొంగుకి అంటుకున్న దూది దులుపుకుంటూ, ఎవరితోనూ కాకుండా అంది: "పోనీలేండి. మా నాన్నకి వాళ్ళమ్మ పేరే తెలీకుండా పోయింది. రాయికి మాత్రం ఏం తెలుస్తుంది." అని బయటికి నడిచింది.

ప్రసూనాంబ చేతిలో బియ్యం అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ సంచి చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి, "బావున్నావా సిలార్‌బీ" అని వచ్చేసిందే గానీ, మీ నాయనమ్మ పేరు ఇదీ అని చెప్పలేదే. పేరు లేకపోతే ఎలా ఉంటుందో తనకి తెలిసినంత ఎవరికి తెలుసు? అది తెలిసి కూడా, ఒకామె మీది కుళ్ళుతో పదకొండుమందిని గుప్పిట్లో మూసి కూర్చుంది. ఇంట్లోవాళ్ళు తనకేం చేశారో, తనూ వీళ్ళకి అదే చేసింది.

చాట పట్టుకుని లేచింది. "సిలార్‌బీ, ఆగు" అంటూనే లోపలికి నడిచింది. పసుపు మరకల చీరతో, చెమటతో, స్టేజి ముందున్న బల్ల దాకా వెళ్ళి, నీరజ ఫైలు మీదే గుప్పెడు బియ్యం పోసింది.

"పెద్ద మస్తాను" అంది.

"ఇదుగో, ఏంటిది? లోపలికెళ్ళు" అన్నాడు మూర్తి.

"దస్తగిరమ్మ. సిలార్‌బీ వాళ్ళ నాయనమ్మ." రెండో గుప్పెడు. "ఖాసింబీ. చిన మస్తాను. నన్నేసాహెబు. హుసేనమ్మ. హుసేనమ్మ కూతురు గాలిబీ, పెళ్ళి కుదిరిన పిల్ల. మీరాబీ. బుడేసాహెబు. మౌలాలి. మౌలాలి తల్లి పీరమ్మ, కళ్ళు కనపడవు, కొడుకు భుజాన వేసుకొచ్చాడు."

పదకొండు కుప్పలు.

"రజాకార్లు చంపినవాళ్ళకీ రాయి వెయ్యండి తిరుపతిరావుగారూ" అంది. "మీ అమ్మమ్మ ఊరివాళ్ళ పేర్లు చెప్పండి, ఇంకో చాట బియ్యం నేను తెస్తా. ఒకళ్ళ పేరు చెబితే ఇంకొకళ్ళ పేరు చెరిగిపోదు."

అక్కడితో ఆపొచ్చు. ఆగలేదు. తాతయ్య పటం వైపు కాదు, తలుపు వైపు తిరిగింది.

"వాళ్ళు ముందు వాగు దగ్గరికి పోలేదు. ఇక్కడికొచ్చారు. ఏటా పరుపులు కుట్టిన ఇల్లు కదా, తలుపు తీస్తారనుకున్నారు. సందెవేళ ఈ తలుపు మీదే కొట్టారు. తియ్యమని ఒక్కొక్కళ్ళూ తమ పేరూ గోడూ చెప్పుకుని బతిమాలారు. లోపల మనుషులున్నారు. మా అత్తగారికి పదమూడేళ్ళు, కాపరానికొచ్చి నెల. గడియ మీద చెయ్యి వేస్తే, తాతయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. చప్పుడు ఆగిపోయేదాకా లాగి పట్టుకునే ఉన్నారు. ఆ చేత్తోనే ఆవిడ చచ్చేదాకా ఏటా బియ్యం పోసింది."

మూర్తి మొహం దండలోని చేమంతిలా పాలిపోయింది. "మన ఇంటి పరువు" అన్నాడు, మైకు ఇంకా చేతిలోనే ఉందని మరిచిపోయి. ఆ మాట హాలంతా మోగింది.

తిరుపతిరావు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నేను ఆలోచించుకోవాలి" అన్నాడు. తరవాత ఊచకోత అనే మాటకి చేతులెత్తమంటే చాలామంది ఎత్తారు. అందరూ ఎత్తలేదు. ఆయన చెయ్యి సగం దాకా లేచింది.

నీరజ కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది. బియ్యం చెదరకుండా ఫైలు పక్క కాగితం మీద పేర్లు రాసుకుంది. "అక్కా, చెప్పినవారు ఎవరని రాయను?"

"మా ఇంట్లోవాళ్ళు అని రాయమ్మా" అన్నాడు మూర్తి.

"జ్ఞానప్రసూనాంబ" అంది ఆవిడ. "పూర్తిగా రాయి నీరజా. మధ్యలో చిన్నది చెయ్యకు." నీరజ అక్షరం అక్షరం రాస్తుంటే వంగి చూసింది. ఇన్నాళ్ళ నలుసు ఎటు పోయిందో ఆవిడకే తెలీలేదు. "ఇంకోటి కూడా రాసుకో. ఆ రాయి వాగు దగ్గర వద్దు. ఈ గుమ్మం ముందు వెయ్యండి. పెళ్ళికొచ్చిన ప్రతివాళ్ళూ చదివి లోపలికి రావాలి."

సిలార్‌బీ అప్పటికి వెనక్కి వచ్చి బల్ల పక్కన నిలబడింది. రెండో కుప్పని వేలితో ముట్టుకుంది. "అమ్మగారూ, ఆ పేరు ఇంకోసారి చెప్పరా" అంది.

చెప్పింది. అడిగినన్నిసార్లూ చెప్పింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఆ రోజు పులిహోర లేదు. రెండు వందల మందికీ మూర్తే హోటలుకి పోయి ఇడ్లీలు కట్టించుకొచ్చాడు.

ఇదీ జరిగింది తల్లీ. నువ్వూ ఎక్కడో ఒకచోట బియ్యం కొలుస్తావుగా, అప్పుడు ఆ పదకొండు పేర్లూ మెల్లగా అనుకో. మీ పిల్లలకి చెప్పు, పక్కింటావిడకి చెప్పు. చెప్పినప్పుడు పన్నెండోది మాత్రం గుప్పిట్లో అనకు. అది బతికున్న మనిషి పేరు. వీధిలోకి వినపడేలా నోరారా పిలువు.