దెబ్బ తగిలితే విరిగే మంత్రం

రిబ్కమ్మకు ఆ ఆట మొదటి నుంచీ గిట్టలేదు. హైదరాబాదులో చదివే మరిది ఏలియా సెలవులకు శ్రీరాంపూర్ వస్తూ దాన్ని వెంట తెచ్చాడు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో రాజులూ దొంగలూ మంత్రగాళ్ళూ అవుతారు. ఎవరి ఎత్తు పారిందో తేల్చేది ఇరవై మొహాల కట్టె పాచిక. నిర్మల్‌లో బొమ్మలు చేసే ఆయనతో చెక్కించి, అంకెలకు ఎర్రరంగు పూయించుకున్నాడు.

"వరండాల కూసోని 'మంత్రమేసిన, నిద్రపో' అని మొత్తుకుంటవు. గోడ అవతలోళ్ళు ఏమనుకుంటరు?" అని ఒకరోజు అడిగింది.

"ఏమన్న అనుకోనీ వదినె. ఏడో తరగతిల బడి బందువెట్టినోళ్ళకు గిది సమజ్ గాదు."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ పాపకు బువ్వ తినిపిస్తూ వింటున్న చెవులకు ఆట నియమాలు వద్దన్నా ఎక్కాయి. మంత్రగాడు ఒకసారి ఒకే మంత్రం పట్టి ఉంచగలడు. మనసు దాని మీద నిలిపినంతసేపే అది నిలుస్తుంది. ఎవడన్నా వాణ్ణి కొడితే పాచిక వెయ్యాలి. పదికి పైన పడితే మంత్రం నిలిచినట్టు, పదీ అంతకు లోపూ పడితే విరిగినట్టు. ఒక్కదాని మీదే మనసు పెట్టే తీరిక మంత్రగాళ్ళకే ఉంటుంది కాబోలు అనుకుంది. ఆమె మనసు సగం పొయ్యి మీద, సగం పాప మీద, మిగిలిందంతా బొగ్గుబాయిలోకి దిగిన మొగుడు మోషే మీద ఉండేది.

గోడ అవతలి ఐలవ్వ కొడుకు రాజం కూడా ఆటకు వచ్చేవాడు. ఒకనాడు కథలో ఏలియా అతన్ని నిద్ర మంత్రంతో పడేశాడు. మర్నాటికి రాజానికి చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో మందు బిళ్ళలిచ్చారు. కళ్ళు తెరవకుండా కలవరిస్తూ, "ఏలియా, ఇగ లేపురా" అన్నాడు. ఆ మాట ఐలవ్వ విన్నది.

ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా సగంలో ఉండగానే క్వార్టర్ల లైనులోని జనమంతా రిబ్కమ్మ వాకిట్లోకి వచ్చారు. మోషే డ్యూటీలో ఉన్నాడు. ముందు ఐలవ్వ, పక్కన ఆమె తమ్ముడు హనుమండ్లు. అతని చేతిలో పట్కారు. రిబ్కమ్మ చూపు దాని మీదే ఆగిపోయింది. పోయినేడు పక్క ఊళ్ళో ఒక ముసలాయన బాణామతి చేశాడని, మళ్ళీ మంత్రం పలకకుండా పళ్ళు పీకారు. ఆయన బతకలేదు.

"ప్రార్థన చేసే ఇంట్ల గిదేం కత పిల్లా?" అంది ఐలవ్వ. "నా కొడుకు లేస్తలేడు."

"అది జ్వరం ఐలక్కా. మందు ఏసుకుంటుండు గదా."

"మందు కాదు, మందు పెట్టినోడు గావాలె. పిలువు."

ఏలియా నవ్వుతూ బయటికి వచ్చాడు. చేతిలో పాచిక అలాగే ఉంది. ఇది ఉత్త ఆట, మీది మూఢనమ్మకం అని పాఠం మొదలుపెట్టాడు. హనుమండ్లు అంతా విని మెల్లగా అడిగాడు.

"సరే తమ్మీ. మరి గా నిద్ర మంత్రం ఎట్ల పోతది?"

"ఏసినోని ధ్యాస చెదిరితే పోతది. వానికి దెబ్బ తగిలితే విరుగుతది," అన్నాడు ఏలియా, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

జనం ఒక అడుగు ముందుకు జరిగారు. ఏమన్నాడో ఏలియాకు తెలియలేదు. రిబ్కమ్మకు తెలిసింది. హనుమండ్లు పట్కారు కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

ఆమె చంకలోని పాపను గడప మీద దింపి, మరిది చెంప మీద బలమంతా పెట్టి కొట్టింది. ఆ దెబ్బలో ఏడో తరగతి మాట కూడా ఉంది. ఏలియా పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"దెబ్బ తగిలింది. ఇగ పాచిక ఎయ్యాలె. ఆటల కానూన్ గంతే," అని అతని చేతిలోంచి పాచిక లాక్కుని గచ్చు మీద దొర్లించింది.

అందరూ వంగి చూశారు. పద్దెనిమిది. మంత్రం నిలిచింది.

ఏలియా నోరు తెరిచాడు. "వదినె, పద్దెనిమిదంటే..."

"పద్దెనిమిదంటే విరిగింది," అంది ఆమె, కళ్ళు అతని మీదినుంచి తిప్పకుండా. "ఔనా, కాదా?"

అప్పుడు చూశాడతను పట్కారును. "విరిగింది," అన్నాడు.

"తెల్లారి మా పోరడు కండ్లు తెరువకపోతే మల్లొస్తం," అన్నాడు హనుమండ్లు.

తెల్లారేసరికి రాజానికి చెమట పట్టింది. గంజి అడిగాడు. నల్లా దగ్గర ఐలవ్వ మందుబిళ్ళల ఊసే ఎత్తలేదు. "దెబ్బ పడంగనే విరిగింది. సొంత వదినెనే ఒప్పుకున్నది," అంది. రిబ్కమ్మ బిందె పెట్టబోతే మిగతా ఆడవాళ్ళు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు.

ఏలియా సంచీ సర్దుతున్నాడు. "లోకమంతటి ముంగట నన్ను మంత్రగాణ్ణి జేసినవ్. నియమం తెలిసి గూడ అబద్ధమాడినవ్."

"ఆడిన. నోట్ల పండ్లున్నయి గనుకనే గింత మాట్లాడుతున్నవ్."

ఆనాటి డ్యూటీకి పోయిన అన్న తిరిగొచ్చేదాకా కూడా ఆగకుండా అతను మంచిర్యాల బస్సెక్కాడు. పాచికను వరండాలోనే వదిలేశాడు. పాప దాన్ని దొర్లిస్తుంటే, గోడ అవతల ఐలవ్వ వాకిట్లో ఆడే పిల్లలను లోపలికి పిలిచి తలుపేసుకుంది.

రిబ్కమ్మ పాచిక లాక్కుని పొయ్యి దాకా తీసుకుపోయింది. అంతలో లైను చివరి ఇంట్లో ఎవరిదో పసిబిడ్డ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆమె నిలబడి విన్నది. ఆ దగ్గు ముదిరి జనం మళ్ళీ వాకిట్లోకి వస్తే, మంత్రం విరిగిందని చూపడానికి పాచిక కావాలి. తర్వాత పాచికను పొయ్యిలో వెయ్యకుండా బియ్యం డబ్బాలో అడుక్కి దోపి, మూత గట్టిగా నొక్కింది.