దయచేయండి గారు

ఆ ఫర్నిచర్ షాపులో అతన్ని పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. అందరూ "దయచేయండి గారు" అనేవారు, అదీ నవ్వు ఆపుకుంటూ. కొనడానికొచ్చినవాళ్ళు కానీ, దారి అడగడానికొచ్చినవాళ్ళు కానీ, గుమ్మం దాటితే చాలు, నడుం వంచి "దయచేయండి" అంటాడు. ఒకసారి టీ తెచ్చేవాణ్ణి కూడా సోఫాలో కూర్చోబెట్టి, దాని మెత్తదనం గురించి ఊదరగొట్టాడు. టీ చల్లారిపోతోందని వాడు మొత్తుకుంటేనే వదిలాడు.

ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? భయం లోంచి. అతనికి చూపు మధ్యలో పోయింది. అంచుల్లో బాగానే ఉంది. నడుస్తాడు, మెట్లు దిగుతాడు, బల్లలకు తగలకుండా తిరుగుతాడు. కానీ దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా దాని మీదే ఎవరో తడిచెయ్యి పెట్టి అలికేసినట్టు ఉంటుంది. మనిషి ఉంటాడు, బట్టలుంటాయి, మెడ మీద మొహం ఉండదు. కళ్ళజోడు పెట్టినా లాభం లేదని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద భార్య అడిగింది, "మరి నేను కనబడుతున్నానా?" అని. "నువ్వు కనబడకపోవడమేంటి! నీ మొహం మాత్రం స్పష్టంగా కనబడుతోంది," అన్నాడు. కోతలు కోయడానికి చూపుతో పనేముంది!

పాత ఉద్యోగం ఈ మొహాల వల్లే ఊడింది. అక్కడి యజమాని మెట్ల మీద ఎదురైతే ఇతను పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు, అదీ ఒకసారి కాదు. "వీడికి కళ్ళు నెత్తికెక్కాయి," అన్నాడాయన. నెత్తికెక్కినా బాగుండేది, ఎక్కడో ఒకచోట ఉన్నాయన్న ధైర్యమైనా ఉండేది అని ఇతను లోపల్లోపల అనుకున్నాడు. "ఇక దయచెయ్," అంటూ యజమాని గుమ్మం చూపించాడు. ఆ తర్వాత వెళ్ళిన చోటల్లా ఉన్నదున్నట్టు చెప్పాడు. అందరూ జాలిగా విని "కబురు చేస్తాం" అన్నారు. ఇప్పటికీ ఏ కబురూ లేదు. అందుకే ఈ షాపులో కళ్ళ సంగతి ఎత్తలేదు. పాత యజమాని విసిరిన మాటనే ఏరుకొచ్చి, కనబడ్డ ప్రతి ఆకారానికీ అప్పజెప్పడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నాడు ఓనరు.

ధరల చీటీలన్నీ ఫోన్లో ఫొటో తీసి, బాత్రూములో కూర్చుని, అక్షరాలు అరచేతంత చేసుకుని బట్టీ పట్టాడు. పాపం కడుపు బాగోలేదని తోటివాళ్ళు మజ్జిగ తాగమన్నారు.

ఓనరుకి ఒక జబ్బుంది. సామాను ఒకచోట ఉండనివ్వడు. ఒకరోజు పొద్దున్నే వచ్చేసరికి గుమ్మం ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నారు. ఇతను నడుం వంచాడు. "దయచేయండి సార్." ఆ మనిషీ వంగాడు కానీ పలకలేదు. దారిద్దామని ఇతను పక్కకి జరిగితే ఆయనా అటే జరిగాడు. రెండోవైపు జరిగితే అటూ తయారు. "ఏం కావాలి సార్? బీరువానా, మంచమా?" ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈయనకి కళ్ళు నెత్తికెక్కినట్టున్నాయే అని ఒళ్ళు మండి, చెయ్యి చాచాడు. చల్లగా గాజు తగిలింది. నిలువుటద్దం బీరువా.

వెనక నుంచి ఓనరు గొంతు వినబడింది. "ఏంటయ్యా చేస్తున్నావు?"

అయిపోయింది, మళ్ళీ రోడ్డు మీదే అనుకున్నాడు. "ఓహో, అద్దం ముందు ప్రాక్టీసా!" అని ఓనరు వీపు చరిచాడు. "శభాష్! ఒరేయ్, అందరూ ఇలా రండి. చూసి నేర్చుకోండి!"

మర్నాటి నుంచి సేల్స్‌మెన్ అందరూ షాపు తెరవగానే ఆ అద్దం ముందు వరసగా నిలబడి, వంగి వంగి "దయచేయండి" అనాల్సి వచ్చింది. వాళ్ళు అతన్ని తిట్టని తిట్టు లేదు.

చివరికి ఓనరు ఒకరోజు, "ఇవాళ సాయంత్రం నీ సంగతి తేల్చేద్దాం, గదికి రా," అన్నాడు. ఆ కంగారులో ఉన్నాడేమో, అన్నం డబ్బా ఇంట్లోనే మర్చిపోయి వచ్చానన్నది కూడా తట్టలేదు. మధ్యాహ్నం ఓనరు పక్కనే నిలబడి ఉండగా ఒకావిడ లోపలికి వచ్చి, అతని ఎదురుగా ఆగింది.

"దయచేయండి మేడమ్! మంచం చూస్తారా?"

ఆవిడ మాట్లాడలేదు. మొహమాటం కాబోలు అనుకుని డబుల్ కాట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. "కూర్చోండి మేడమ్, మీ ఇల్లే అనుకోండి. చూశారా, చప్పుడుందా? మా ఇంట్లో రెండే చప్పుళ్ళు మేడమ్. ఒకటి మంచం, రెండు మా ఆవిడ. మంచానికైతే నూనె వెయ్యొచ్చు!"

ఈ జోకుకి నవ్వని కస్టమరు ఇంతవరకు లేదు. ఆవిడ నవ్వలేదు. ఓనరే కల్పించుకుని, "ఏమ్మా, నచ్చిందా?" అని అడిగాడు.

"మంచం బాగుంది," అంది ఆవిడ. "మా ఆయన్ని అడిగి చెప్తాను."

ఆ గొంతు అతనికి బాగా తెలుసు. రోజూ పొద్దున్నే నిద్ర లేపే గొంతు. ఆమె చేతిలోని డబ్బా మంచం మీద పెట్టేసి చరచరా బయటికి నడిచింది.

"మేడమ్, మీ డబ్బా!" అని ఓనరు అరిచాడు.

అతను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమయ్యేది. కానీ తన పరువు నిలబెట్టడానికి కట్టుకున్న మనిషి పరాయిదానిలా కూర్చుని లేచి వెళ్ళిందే!

"ఆ డబ్బా నాదే సార్. ఆవిడ మా ఆవిడ."

"మరి మేడమ్ అన్నావేంటి?"

"నాకు మొహాలు కనబడవు సార్. ఎవరివీ."

ఓనరు బీరువా వైపు చూశాడు. "మరి ఆ రోజు అద్దం?"

"అదీ అంతే సార్. ఎవరో పొగరుబోతు అనుకున్నాను."

ఓనరు మంచం మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పకు. ఇంట్లో రోజూ నేను కూడా ఆ ప్రాక్టీసు చేస్తున్నానయ్యా, అద్దం ముందు. మా వాళ్ళకి తెలిసిందంటే నా పరువు గంగలో కలిసినట్టే." తలపట్టుకుని, "సరే, దయచెయ్," అన్నాడు.

"లోపలికా సార్, బయటికా?"

"మంచాల దగ్గరికి! రేపట్నుంచి సామాను జరిపేముందు నీకు చెప్తాను. సాయంత్రం ఇంకేం తేల్చేది లేదు, పర్మనెంటే. వెళ్ళి అన్నం తిను."

ఎగిరి గంతేయాల్సిన మనిషి, సాయంత్రం ఇంటికి దొంగలా వెళ్ళాడు. భార్య మంచం మీద కూర్చుని ఉంది. ఉద్యోగం ఖాయమైందని చెప్తే, మంచిదంది. లేచి వెళ్ళి డబ్బా కడిగి వచ్చింది.

"మీ ఉద్యోగం పోయిన రోజు గుర్తుందా?" అంది చివరికి. "మీకు వినబడకూడదని వంటింట్లో చప్పుడు చేయకుండా ఏడ్చాను. మీరొచ్చి ఎదురుగా నిలబడి, 'ఇవాళ మొహం కళకళలాడుతోందే' అన్నారు. నేను వెటకారం అనుకున్నాను. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను."

అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నువ్వు కూడా కనబడవని ఒప్పుకుంటే, ఇంక నాకు మిగిలిందేంటని భయమేసింది," అన్నాడు.

ఆమె దీపం ఆర్పి అటు తిరిగి పడుకుంది. అతను కదిలితే మంచం మోగుతుందని కదలకుండా పడుకున్నాడు.

మర్నాడు పొద్దున లేచి కూర్చునేసరికి గుమ్మంలో ఒక ఆకారం ఉంది. మొహం ఉండాల్సిన చోట ఎప్పటిలాగే ఏమీ లేదు.

"నేనే," అంది ఆమె. "చెప్తున్నా వినండి. మొహం మాడ్చుకుని ఉన్నాను. బాగా కోపంగా ఉన్నాను."

మాట చివర గొంతు కాస్త వంకర పోయింది. అది నవ్వని అతనికి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జరిగి చోటిచ్చాడు.

"దయచేయండి మేడమ్."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. మంచం కిర్రుమంది.

"ముందు దీనికి నూనె వెయ్యండి," అంది. "నా సంగతి తర్వాత చూద్దురుగాని."