అత్తగారి డ్యూటీ

సీసాలో నీళ్ళెందుకు లేవని అడిగాడు మొగుడు, ఇంట్లో దొంగలు పడ్డట్టు ఫ్రిజ్ తలుపు పట్టుకుని. వాళ్ళమ్మ పోయి అప్పటికి నాలుగోరోజు.

ఆ ఇంట్లో మగవాళ్ళకి సీసాల్లో నీళ్ళు వాటంతటవే ఊరతాయని గట్టి నమ్మకం. మొగుడిది ముప్పై ఆరేళ్ళ నమ్మకం, మరిదిది ముప్పై, మావగారిది డెబ్బై రెండు. అత్తగారు కన్ను మూసిన మర్నాటికల్లా ఆ ఇల్లు ఎంత దారి తప్పిందంటే, ఉప్పుడబ్బాకే తనెక్కడుందో తెలీలేదు. విడిచిన బట్టలు పెరిగి పెరిగి కిటికీ దాకా వచ్చి, వీధిలో పోయేవాళ్ళని పలకరించాయంటే నమ్మండి. మాత్రల్లో ఏది ఎప్పటిదో తెలీక, మరిది వాళ్ళ నాన్నకి నిద్రమాత్ర పొద్దున్నే వేసేశాడు. పరామర్శకొచ్చిన వాళ్ళ మధ్యలోనే ఆయన గురకపెట్టేసరికి, పాపం దుఃఖంతో సొమ్మసిల్లాడని వాళ్ళు ఇంకోసారి ఏడ్చి వెళ్ళారు.

కోడలికి నవ్వొచ్చింది, వెనకాలే కడుపు మండింది. అత్తగారు పోయిన తీరు అలాంటిది మరి. మధ్యాన్నం మంచమ్మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ, సగం మడిచిన చొక్కా చేతిలో ఉండగానే తల వాల్చేసింది. మావగారు పక్కగదిలోంచి టీ అడిగాడు. మళ్ళీ అడిగాడు. మూడోసారి, చెవుడొచ్చిందా నీకని కసిరాడు. ప్రాణం పోయాక కూడా అరగంట తిట్లు తింది మనిషి.

కోడలు సిటీబస్సు డ్రైవరు. ఆ ఉద్యోగం నిలబడిందంటే చంటిదాన్ని చూసుకున్న అత్తగారి చలవే. మొదటిరోజు ఆవిడ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని, ఆఖరి స్టాపుదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగొచ్చింది. దిగేముందు కోడలి చెవిలో చెప్పింది, "ఏ పనీ చెయ్యకుండా గంటసేపు కూర్చోడం, పెళ్ళయ్యాక ఇదే మొదలే అమ్మాయ్."

ఇప్పుడు మగాళ్ళు ముగ్గురూ కూర్చుని తేల్చేశారు. కోడలు ఉద్యోగం మానేస్తే సరి. మీ అత్తయ్య స్థానం నీదేనమ్మా అన్నాడు మావగారు, బిరుదేదో ఇస్తున్నట్టు. వదిన చేతి వంటకి తిరుగులేదన్నాడు మరిది. మొగుడు మరీ మెత్తగా, స్టీరింగు సరదా తీరింది కదా, సోమవారం వెళ్ళి రాజీనామా ఇచ్చేసి రమ్మన్నాడు.

ఆమె లేచి అంట్ల దగ్గరికి వెళ్ళింది. ఒప్పుకుందనుకున్నారు వాళ్ళు. అంట్లు తోముతుంటే ఆమెకి ఎదురుగా అదే మంచం, అదే చొక్కా కనపడేవి. చొక్కా పట్టుకున్న చేతులు మాత్రం తనవి. పక్కగదిలోంచి టీ అడిగే గొంతు మొగుడిది.

సోమవారం పొద్దున్న ఖాకీ చొక్కా తొడుక్కుని, చంటిదాన్ని తెచ్చి మొగుడి ఒళ్ళో కూర్చోబెట్టింది. కాగితం రాశావా అన్నాడతను.

"మా డిపోలో తర్వాతి మనిషి రాందే డ్రైవరు బస్సు దిగకూడదండీ. అత్తయ్యకి నలభయ్యేళ్ళు ఆ మనిషి రాలేదు. ఆవిడ చచ్చిపోయి దిగింది. ఆ సీట్లోకి నేనెక్కను."

మావగారు పేపరు దించాడు. మరిది గోడకేసి చూశాడు. చంటిది ఏడుపు లంకించుకుంది.

"దీని పాలపొడి ఎక్కడుంటుంది?" అన్నాడు మొగుడు, కంగారుగా.

ఆమె చెప్పులేసుకుంది.

"వెతుక్కోండి. ఈ ఇంటికొచ్చిన కొత్తలో నేనూ అన్నీ వెతుక్కున్నాను."