మంగళవారం దొరకనివాళ్ళు

ఈ సభలో ఒక్కొక్కరినీ కళ్ళారా చూసిన అన్యాయం ఒకటి చెప్పమన్నారు. చూడటమేమిటి, ఆ అన్యాయం చేసిందే నేను. ముందు అది చెప్తాను. విన్నాక నన్ను ఈ బెంచీ మీద కూర్చోనిస్తారో, లేచి పొమ్మంటారో మీ ఇష్టం.

నా పేరు డెల్ఫినా. ఇక్కడున్న క్యానరీ వాళ్ళు, అదే టమాటా డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ళు, కొందరు నన్నెరుగుదురు. పంతొమ్మిదేళ్ళు మీ పక్కనే నిలబడి బెల్టు మీద పుచ్చు టమాటాలు ఏరాను. మోకాళ్ళు పోయాయి, పని పోయింది, ఆ వెనకే ఇల్లూ పోయింది. ఆరేళ్ళుగా హైవే వంతెన కింద డేరాలో ఉంటున్నాను. అక్కడ మొత్తం పదకొండు డేరాలు. నా పక్క డేరా వెర్నెట్టాది.

వెర్నెట్టాకి రెండు కిడ్నీలూ పోయాయి. ఆ పోయిన కిడ్నీల మీద నాకు కుళ్ళు. ఆ వెనక కూర్చున్న విద్యార్థులు నవ్వుతున్నారు గానీ, ఇది నవ్వులాట కాదు. రోడ్డు మీద ఏళ్ళ తరబడి పడున్న రోగుల్ని అంబులెన్సులో మోసుకెళ్ళి, కాస్త బాగుచేసి, మళ్ళీ రోడ్డు మీదే దింపడం కన్నా ఒక గది ఇప్పిస్తే తక్కువ ఖర్చుతో పోతుందని సర్కారుకి ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. ఊరికే తెలిసిరాలేదు, మనలాంటి వాళ్ళు వెళ్ళి రాజధానిలో శాసనసభ మెట్ల మీద పడుకుంటే తెలిసొచ్చింది. ఇప్పుడు పేదల ఆరోగ్య బీమా డబ్బుతోనే గది వెతికిపెడతారు, అడ్వాన్సు కడతారు, ఆరు నెలలు అద్దె ఇస్తారు. ఎంత జబ్బుంటే అంత ముందు. నేనూ పేరు రాయించుకుని ఏడాది ఎదురుచూశాను. ఒక్కరూ రాలేదు. నా చక్కెర జబ్బూ, నా మోకాళ్ళూ వాళ్ళకి ఆనలేదు కాబోలు అనుకున్నాను. మార్చిలో వెర్నెట్టా పేరు వచ్చింది.

ఆ రోజే ఆవిడ డాలర్ దుకాణానికి వెళ్ళి బాత్రూము కర్టెన్ ఒకటి కొనుక్కొచ్చింది. తెల్లటి దాని మీద పసుప్పచ్చ నిమ్మకాయలు. గది లేదు, బాత్రూము లేదు, కర్టెన్ మాత్రం వచ్చేసింది. రోజూ సాయంత్రం దాన్ని విప్పి చూసుకునేది, మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకునేది.

"చూడు డెల్ఫీ, ఈ నిమ్మకాయలు ఎంత ముద్దొస్తున్నాయో! తలుపు గడియేసుకుని, ఇది అడ్డంగా లాగేసుకుని, గంటసేపు నీళ్ళ కింద నిలబడతా. ఎవడొచ్చి పిలిచినా పలకను."

"బాగుంది వెర్నెట్టా," అనేదాన్ని. కడుపులో భగ్గున మండేది. గంటసేపా? నేను స్నానమంటూ చేసి తొమ్మిది రోజులైంది. ఆ కర్టెన్ మీద, ఆవిడ మీద, ఆవిడకి ఇంకా రాని ఆ గది మీద ఏడుస్తూ పడుకునేదాన్ని.

గదులు ఇప్పించే పని సర్కారు ఒక కాంట్రాక్టు సంస్థకి అప్పజెప్పింది. వాళ్ళ దగ్గర్నుంచి కెండల్ అనే పిల్ల పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చేది. మనిషి స్వయంగా కనబడి సంతకం పెడితేనే గది. మూడుసార్లు వచ్చినా దొరక్కపోతే ఫైలు మూసేస్తారు, పేరు జాబితా అడుక్కి పోతుంది. ఆ పిల్ల వచ్చేది మంగళవారం పొద్దున. వెర్నెట్టా డయాలిసిస్‌కి పోయేది మంగళ, గురు, శనివారాలు పొద్దున.

మొదటిసారి ఎవరూ లేచి చూడలేదు. రెండోసారి మా వంతెన కిందే ఉండే లాంజో తాత తన డేరాలోంచే "ఏమో" అన్నాడు. మూడోసారి నేను బయట కూర్చుని కాఫీ తాగుతున్నాను.

"వెర్నెట్టా గారు ఎక్కడున్నారో తెలుసాండీ?" అనడిగింది కెండల్.

తెలుసు. నాలుగు వీధుల అవతల, కిటికీ పక్క కుర్చీలో, చేతికి గొట్టాలు పెట్టుకుని కూర్చునుంది. నర్సు పేరు కూడా తెలుసు నాకు.

"తెలీదమ్మా," అన్నాను. "వారం నుంచి కనపళ్ళేదు."

కాఫీ ఆఖరి చుక్కదాకా తాగాను. చాలా తియ్యగా ఉంది.

ఫైలు మూసేశారని వెర్నెట్టాకి ఫోనులో చెప్పారు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "ఈసారి ఎక్కడికీ కదలను, చూస్తాలే," అంది. తర్వాతి మంగళవారం డయాలిసిస్ మానేసింది. పొద్దున ఆరింటికే కుర్చీ వేసుకుని, కర్టెన్ సంచి ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. మూసిన ఫైలు కోసం ఎవరొస్తారు? ఎండ నెత్తి మీదికొచ్చింది, వాలిపోయింది. ఆవిడ లేవలేదు. నేను పక్కనే ఉన్నాను. చెప్పడానికి నోరు రాలేదు. బుధవారానికి కాళ్ళు ఉబ్బాయి. గురువారం పొద్దున ఊపిరందక నోరు తెరుచుకుని పడిపోయింది. అంబులెన్సు వాళ్ళు ఎత్తుతుంటే సంచి నా చేతికిచ్చి, "జాగ్రత్త డెల్ఫీ," అంది. అంతమందిలో నమ్మడానికి నేనే దొరికాను.

శుక్రవారం అందర్నీ వంతెన స్తంభం దగ్గరికి పిలిచాను. చేసింది చేసినట్టు చెప్పాను.

"థూ! నువ్వసలు ఆడదానివేనా? పక్కింటి మనిషిని చంపుకుతిందామనుకున్నావా?" అని చివరి డేరా రోసారియో నా మీదికొచ్చింది.

"అవును," అన్నాను. "నాకు రానిది దానికెందుకు రావాలనుకున్నాను."

లాంజో తాత దగ్గుతూ లేచాడు. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి, ఊపిరితిత్తులు తూట్లు పడ్డాయి. "దాన్ని తిట్టకండే. కిందటేడు డెల్ఫినా కోసం మూడు మంగళవారాలు వచ్చారు. అప్పుడు ఇది నిజానికి క్లినిక్కులో ఉంది. చెల్లెలింటికి పోయింది, ఇక రాదు అని చెప్పింది నేనే."

నాకు ఒళ్ళు తెలియలేదు. ముసలాడి చొక్కా పట్టుకున్నాను. "ఏడాది! ఏడాది నా మోకాళ్ళని తిట్టుకుంటూ కూర్చున్నాను కదరా తాతా! ఎందుకు చెప్పావ్?"

"నీకొస్తే నాకు రాదేమోనని. కొట్టు, కొట్టుకో."

కొట్టలేకపోయాను. అదే మాట నా నోట్లోనూ ఉంది. అప్పుడు ఒక్కొక్కరూ విప్పారు. ఒకడు తమ్ముడి గురించే "తెలీదు" అన్నాడట. రోసారియో కూడా తల దించుకుంది. అక్కడున్న పదిమందిలో ఆ మాట అననివాళ్ళు ఇద్దరే, అదీ వాళ్ళు కొత్తగా రావడం వల్ల.

"ఇదుగో, ఇది చూడండి," అని లాంజో తాత తన డేరాకి అంటించిన కాగితం పీకాడు. వంతెన కింద జాగా పది రోజుల్లో ఖాళీ చేయాలని సర్కారు మనిషి అంటించిపోయిన నోటీసు. "నా పూర్తి పేరు రాశాడు. మధ్యలో మా తాత పేరుతో సహా! ప్రతి డేరాకీ వచ్చి, ఎవరి పేరు వాళ్ళకి తప్పు లేకుండా అంటించాడు. తరిమెయ్యడానికైతే ఒక్క పూటలో దొరుకుతాం. గది ఇవ్వడానికి మూడుసార్లు వచ్చినా దొరకం. మనమేమో ఒకరి మీద ఒకరం పడి ఏడుస్తున్నాం."

"అయితే దొరుకుదాం," అన్నాను నేను. ఆలోచించి అన్నది కాదు, కోపంలో వచ్చేసింది. "వాళ్ళు రావడమెందుకు? వాళ్ళ గుమ్మంలోనే దొరుకుదాం."

మంగళవారం పొద్దున పది డేరాలు విప్పి, వెర్నెట్టాది కూడా విప్పి, తోపుడు బళ్ళ మీద వేసుకుని నడిచాం. సంస్థ ఆఫీసు తెరిచే వేళకి ముందున్న పచ్చగడ్డి మీద పదకొండూ లేచి నిలబడ్డాయి. ప్రతి డేరా మీదా అట్టముక్క. పేరు, జబ్బు, ఏ రోజు ఏ పూట ఏ ఆస్పత్రిలో ఉంటామో అంతా దాని మీద రాశాం. ఎనిమిదింటి షిఫ్టు దిగిన మీ క్యానరీ వాళ్ళు ఇళ్ళకి కాదు, మా దగ్గరికే వచ్చారు. నర్సింగు కాలేజీ పిల్లలు రక్తపోటు మిషన్లు పట్టుకొచ్చారు.

మేనేజరు ప్రూయిట్ బయటికొచ్చాడు. "ఏమిటమ్మా ఇదంతా? ఇలా చేస్తే మీకు సాయం చేయడం మాకు కష్టమవుతుంది."

"మీరు మా కోసం వెతికి వెతికి అలిసిపోయారట కదయ్యా," అన్నాను. "పాపం, ఎందుకా తిప్పలని మేమే వచ్చాం."

జనం గొల్లుమన్నారు. ఆయన మొహం మాడిపోయింది. "నిబంధనలు నేను పెట్టలేదు."

"మరి మంగళవారం ఎవరు పెట్టార్రా?" అని అరిచాడు లాంజో తాత.

వెనక నిలబడ్డ కెండల్ ముందుకొచ్చింది. "వెర్నెట్టా గారు డయాలిసిస్ మనిషని ఫైల్లో తర్వాత చూసి, ఆ సెంటరుకే వెళ్ళి సంతకం తీసుకుంటానని నేనడిగాను సార్. వద్దన్నారు. మనిషి దొరికినా దొరక్కపోయినా, వెళ్ళొచ్చినందుకు మనకి బీమా డబ్బు వస్తుంది కదా అన్నారు. ఆవిడ గది మార్చి నుంచి ఖాళీగానే ఉంది."

అప్పుడు గడ్డి మీద లేచినంత అరుపు నేను క్యానరీ సమ్మెలో కూడా వినలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి వెర్నెట్టా వచ్చింది. పొద్దున ఆస్పత్రిలోనే డయాలిసిస్ చేసి వదిలారు, నేరుగా అక్కడికే వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. రోసారియో అప్పటికే ఆస్పత్రికి పోయి అంతా చెప్పేసింది. నేను సంచి అందించాను. ఆవిడ కర్టెన్ తీసి విప్పింది.

"వెర్నెట్టా, నన్ను..."

"నిన్ను క్షమించలేదు. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నిమ్మకాయల కర్టెన్‌ని ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కట్టాం. ఆవిడ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

ప్రూయిట్ కర్టెన్ తప్పించుకుని బయటికొచ్చాడు. చేతిలో తాళంచెవి. "మీ విషయంలో పొరపాటు జరిగిందండి. ఇదిగో, ఇవాళే మీ గదికి వెళ్ళిపోవచ్చు. మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మీరు వెళ్తే వాళ్ళూ వెళ్తారు."

అబ్బ, ఎంత తెలివైనవాడు! మా రోగం వాడికి బాగా తెలుసు. పదిమంది చూపులూ ఆ తాళంచెవికి అంటుకుపోయాయి. నాలో ఆ పాత మంట లేచింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ గురువారం నోరు తెరుచుకుని పడిపోయిన ఆ మొహం కూడా కళ్ళ ముందుకొచ్చింది.

"తీసుకో," అన్నాను. "తీసుకోవే! చచ్చిపోకు!"

వెర్నెట్టా తాళంచెవి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి రవికలో దోపుకుంది. కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారబడింది.

"మరి... బయల్దేరతారా అమ్మా?" అన్నాడు ప్రూయిట్.

"తాళం తీసుకున్నానయ్యా. పోతానని ఎవరన్నారు? మంగళవారం పూట నేను దొరకనుగా, ఇవాళ దొరికా. ఈ పదిమంది ఫైళ్ళూ తెరువు, అప్పుడు లేస్తా."

గడ్డి దద్దరిల్లింది. నవ్వో ఏడుపో తెలియకుండా లాంజో తాత ఆవిడ పాదాల దగ్గర కూలబడ్డాడు.

మూడింటికి పోలీసులొచ్చారు. డేరాలు పీకేసి, మమ్మల్ని ఒక్కొక్కర్నీ లేపి చేతులకి ప్లాస్టిక్ పట్టీలు బిగించారు. అట్టముక్కల మీద పేర్లుండటంతో వాళ్ళకి పని సులువైంది. చివరికి వెర్నెట్టా దగ్గరికొచ్చారు. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది. పోలీసు అట్టముక్క చదివి, పై అధికారితో ఏదో గొణిగి, పట్టీ వెనక్కి తీసుకున్నాడు.

"డయాలిసిస్ మనిషిని జైల్లో పెట్టుకోలేమమ్మా. నువ్వింటికి పో."

"అదేంటి? నేనూ వాళ్ళతోనే ఉన్నా! గుమ్మానికి కర్టెన్ కట్టింది నేను! దాన్ని తీసుకెళ్తూ నన్ను వదిలేస్తారా?" అని నా వైపు వేలు చూపించింది.

వ్యాను కిటికీలోంచి చూశాను. ఆవిడ నా చేతి పట్టీల వైపే చూస్తోంది. పళ్ళు కొరుకుతోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మూడు నెలలు నా మొహాన ఉన్నది అదే.

వ్యాను కదిలింది. ఆవిడ కర్టెన్ ముందు మళ్ళీ కుర్చీ సర్దుకుంది. మేం మూల తిరగబోతుంటే, ఏటిగట్టు మీద డేరాలేసుకున్నవాళ్ళ తోపుడు బళ్ళు వస్తున్నాయి. లెక్కపెట్టబోయాను, కుదరలేదు. ముందు బండి తోస్తున్నవాడు "ఎక్కడ వేసుకోమంటావు అక్కా?" అని కేకేశాడు. గడ్డి మీద మా పదిమందీ వదిలిన ఖాళీ జాగా వైపు చెయ్యి చూపించింది వెర్నెట్టా.